వీపు మీద మొటిమలు, తొడల మీద సెగగడ్డలు: ఇంటి వైద్యం ఎంతవరకు?

కృష్ణాతీరం (విజయవాడ)

అందరికీ నమస్కారం. నా వయసు ఇరవై ఏడేళ్ళు. ఆర్డర్ల కోసం రోజంతా బండి మీద దుకాణాల చుట్టూ తిరిగే ఉద్యోగం కావడంతో వీపుకు బరువైన బ్యాగు, ఒంటికి చెమట ఎప్పుడూ తప్పవు. కాలేజీ రోజుల నుంచీ వీపు మీద, భుజాల మీద మొటిమలు వస్తూనే ఉన్నాయి. వాటికి అలవాటు పడిపోయాను. కానీ ఈమధ్య వేసవి వచ్చిందంటే చాలు, తొడల మీద, పిరుదుల మీద సెగగడ్డలు లేస్తున్నాయి. ఒకటి పండి, పగిలి, చీము పోయి మానుతోందనుకునేలోగా పక్కనే మరొకటి మొదలవుతోంది. గడ్డ లేచిన వైపు గజ్జల్లో బిళ్ళ కడుతోంది. బండి మీద కూర్చోవడం నరకంగా ఉంటోంది. ఇప్పుడు మా తమ్ముడికీ మొదలయ్యాయి. ఒంట్లో వేడి చేసిందని, మామిడిపండ్లు మానేయమని అమ్మ అంటుంది. మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబు, కొన్ని మాత్రలు ఇస్తారు. వాడినన్నాళ్ళు తగ్గి మళ్ళీ వస్తాయి. వీటిని ఇంట్లోనే వదిలించుకునే మార్గం ఉందా? మొటిమలకూ గడ్డలకూ ఒకే మందు పనిచేస్తుందా?

కొబ్బరితోట (రాజోలు)

బాబూ, ముందుగా వాటిని గిల్లడం, పిండడం మానుకో. మా ఇళ్ళల్లో గడ్డ లేస్తే తమలపాకుకు ఆముదం రాసి, దీపం సెగకు వెచ్చచేసి, గడ్డ మీద పరిచి పాత నూలుగుడ్డతో కట్టేవారు. అవిసె గింజలు నూరి, ఉడికించిన ముద్దను గోరువెచ్చగా ఉన్నప్పుడు వేసి కట్టడం కూడా ఉండేది. రోజుకు రెండు మూడుసార్లు మార్చి కడితే గడ్డ మెత్తబడి దానంతటదే మూతి తెరుచుకునేది. వేపాకు వేసి కాచిన నీళ్ళతో స్నానం చెయ్యి, మజ్జిగ ఎక్కువగా తాగు. సున్నం, బెల్లం కలిపి పట్టు వేయమని ఎవరైనా చెబితే మాత్రం వినకు. మా పక్కింటి కుర్రవాడికి ఆ పట్టు ఊడదీస్తే కింద చర్మం బొబ్బలెక్కి, గడ్డ కన్నా ఆ కాలిన పుండే ఎక్కువ కాలం బాధించింది.

మందులకొట్టు (నల్గొండ)

కృష్ణాతీరం గారు, ఆ ట్యూబు మీద ఏం రాసి ఉందో చదివి చెప్పగలరా? క్లోబెటసాల్, బీటామెథసోన్, మోమెటసోన్ అన్న మాటల్లో ఏదైనా కనిపిస్తే అది స్టెరాయిడ్ కలిసిన పూతమందు. మన దగ్గర స్టెరాయిడ్, యాంటీబయాటిక్, శిలీంధ్ర నాశిని మూడూ ఒకే ట్యూబులో కలిపినవి బాగా అమ్ముడుపోతాయి. స్టెరాయిడ్ వాపును, ఎరుపును అణచివేస్తుంది కాబట్టి రెండో రోజుకే తగ్గినట్టు కనిపిస్తుంది. చర్మానికి ఉండే రోగనిరోధక శక్తిని కూడా అదే అణచివేస్తుంది కాబట్టి లోపలి క్రిమి హాయిగా పెరుగుతుంది. పైగా ఎక్కువ రోజులు రాస్తే స్టెరాయిడే కొత్త మొటిమలను పుట్టిస్తుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని నిబంధన తెచ్చింది. అది ఎంతవరకు అమలవుతోందో నా వృత్తిలో ఉన్నవారందరికీ తెలుసు.

చర్మవైద్యం (కాకినాడ)

నేను చర్మవ్యాధుల వైద్యురాలిని. చూడకుండా నిర్ధారించడం నా పద్ధతి కాదు కాబట్టి ఇది చికిత్స చీటీ అనుకోవద్దు; మీ బాధను ఏ గాటన కట్టాలో తేల్చుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

మీ ప్రశ్నలో కనీసం రెండు వేర్వేరు జబ్బులు ఉన్నాయి. మొటిమ అన్నది నూనె గ్రంథి రంధ్రం పూడుకుపోవడంతో మొదలవుతుంది. హార్మోన్ల ప్రభావంతో నూనె ఎక్కువగా ఊరడం, మృతకణాలు అతుక్కుని రంధ్రాన్ని మూసివేయడం, మూసుకుపోయిన చోట క్యూటీబ్యాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి పెరగడం, దానికి ప్రతిగా వాపు రావడం, ఇవన్నీ కలిస్తేనే మొటిమ. అందుకే మొటిమలున్న వీపును దగ్గరగా చూస్తే బ్లాక్‌హెడ్స్, వైట్‌హెడ్స్, ఎర్రని పొక్కులు, చీము పొక్కులు అన్నీ కలగలిసి కనిపిస్తాయి. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు.

సెగగడ్డ అలా కాదు. స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే క్రిమి వెంట్రుక కుదురులోకి లోతుగా దిగి చీము పట్టించడమే సెగగడ్డ. ఇది అంటుతుంది. మీ మొటిమలు మీ తమ్ముడికి అంటవు. గడ్డలు మాత్రం తువ్వాలు ద్వారానో, పక్కబట్టల ద్వారానో మీ నుంచి అతనికి, అతని నుంచి మీకు తిరుగుతూ ఉండవచ్చు.

మూడోది మలసేజియా అనే శిలీంధ్రం వల్ల వచ్చే ఫాలిక్యులైటిస్, అంటే వెంట్రుక కుదుళ్ళ వాపు. వీపు, ఛాతీ, భుజాల మీద ఆవగింజంత పొక్కులు అన్నీ ఒకే పరిమాణంలో అచ్చు గుద్దినట్టు లేస్తాయి, విపరీతమైన దురద ఉంటుంది, బ్లాక్‌హెడ్స్ ఉండవు. చూసినవారు మొటిమలనుకుని యాంటీబయాటిక్ ఇస్తే ఇవి ఇంకా పెరుగుతాయి.

కాబట్టి మీరు చెప్పవలసినవి: వీపు మీది పొక్కులకు దురద ఉందా? చంకల్లో, గజ్జల మడతల్లో కూడా గడ్డలు వస్తున్నాయా? ఇంట్లో తువ్వాళ్ళు ఎవరివి వారికి ఉన్నాయా? రక్తంలో చక్కెర ఎప్పుడైనా చూపించుకున్నారా?

కృష్ణాతీరం (విజయవాడ)

డాక్టరుగారికి ధన్యవాదాలు. దురద పెద్దగా లేదు. బ్లాక్‌హెడ్స్ ఉన్నాయి, ముఖ్యంగా బ్యాగు పట్టీలు ఒరుసుకునే చోట. చంకల్లో ఎప్పుడూ రాలేదు. తువ్వాలు సంగతి మీరు అడిగాకే గమనించాను: స్నానాల గది తలుపు వెనక ఒకటే వేలాడుతుంది, ఇంట్లో మగవాళ్ళందరం దాంతోనే తుడుచుకుంటాం. నాన్నగారికి షుగరు ఉంది, నేను ఎప్పుడూ చూపించుకోలేదు. నల్గొండ మిత్రులు అనుమానించినట్టే ట్యూబు మీద క్లోబెటసాల్ అని ఉంది. దాన్ని పక్కన పెట్టేశాను.

చర్మవైద్యం (కాకినాడ)

ముందు మొటిమల సంగతి, అది తేలిక కాబట్టి. బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 లేదా 5 శాతం ఉన్న వాష్ గానీ జెల్ గానీ తీసుకోండి. స్నానానికి ముందు తడి వీపు మీద పూసి, రెండు నుంచి ఐదు నిమిషాలు ఉంచి, శుభ్రంగా కడిగేయండి. మొదట రోజు విడిచి రోజు వాడి, చర్మం మండకపోతే రోజూ వాడవచ్చు. ఇది క్రిమిని ఆక్సీకరణతో చంపుతుంది; యాంటీబయాటిక్‌లకు మొండికేసినట్టు క్రిములు దీనికి మొండికేయవు. ఒక్క ఇబ్బంది ఏమిటంటే, ఇది బట్టల రంగును తినేస్తుంది. ముదురు నీలం తువ్వాలు మీద నారింజ రంగు మచ్చలు పడ్డాయని, చాకలి పొరపాటనుకుని గొడవ పెట్టుకున్నామని చెప్పే రోగులు నాకు ప్రతి ఏడాదీ తగులుతారు. తెల్ల తువ్వాలు, తెల్ల బనీను వాడండి. ఆపైన బ్లాక్‌హెడ్స్ కోసం రాత్రిపూట అడపాలీన్ 0.1 శాతం జెల్ పలుచగా రాయవచ్చు. గర్భిణులు, గర్భం కోరుకునేవారు మాత్రం దీని జోలికి వెళ్ళకూడదు. ఫలితం కోసం ఎనిమిది నుంచి పన్నెండు వారాలు ఆగాలి. చాలామంది మూడో వారంలో విసిగి మానేస్తారు, ఆ తర్వాత మందు పనిచేయలేదంటారు.

వీపును నలుగుపిండితోనో, పీచుతోనో గట్టిగా రుద్దితే మొటిమలు పోతాయన్న నమ్మకాన్ని వదిలేయండి. ఒరిపిడే మొటిమలను రేపుతుంది, మీ బ్యాగు పట్టీల కింద జరుగుతున్నది అదే. తలకు రాసిన కొబ్బరినూనె వీపు మీదికి కారనివ్వకండి. తలస్నానం చేసినప్పుడు వీపును ఆఖరున కడగండి.

ఇక గడ్డలు. లేచిన గడ్డకు ఇంట్లో చేయదగిన వైద్యం ఒక్కటే, వేడినీళ్ళ కాపడం. శుభ్రమైన గుడ్డను ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో ముంచి పిండి, పది పదిహేను నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టండి. కొబ్బరితోట గారు చెప్పిన తమలపాకు కట్టులోనూ, అవిసె ముద్దలోనూ పనిచేసేది ఆ వెచ్చదనమే. ఆకును మంచి నీళ్ళతో కడిగి వాడితే, చర్మం పగలనంత వరకు నాకు అభ్యంతరం లేదు. గడ్డ పగిలాక మాత్రం ఆకులు, పసుపు, నూనె ఏవీ వద్దు. సబ్బుతో కడిగి, గాజుగుడ్డ పెట్టి పట్టీ వేసి, చీము అంటిన గుడ్డను సంచిలో కట్టి పారేయండి. సూదితోనో, పిన్నీసుతోనో పొడవవద్దు, పిండవద్దు. పిండితే చీము బయటికి వచ్చినంత లోపలికీ పోతుంది.

ఇవి లేచిన గడ్డకు. మళ్ళీ మళ్ళీ లేవడానికి కారణం గడ్డ దగ్గర ఉండదు, ముక్కులో ఉంటుంది. ఆరోగ్యవంతుల్లో సుమారు ముగ్గురిలో ఒకరి ముక్కు రంధ్రాల ముందు భాగంలో ఈ స్టెఫైలోకాకస్ ఆరియస్ ఏ బాధా పెట్టకుండా కాపురం ఉంటుంది. చేయి ముక్కుకు తగులుతుంది, అదే చేయి తొడను గోకుతుంది. గజ్జల్లో, పిరుదుల మధ్య కూడా అది ఉండవచ్చు. అక్కడి నుంచి ఖాళీ చేయించకుండా పుట్టిన ప్రతి గడ్డకూ మాత్రలు మింగుతూ పోతే దానికి అంతు ఉండదు.

ఫ్రిస్కో తెలుగు (టెక్సాస్)

మా అబ్బాయికి ఇక్కడ స్కూల్లో రెజ్లింగ్ మొదలుపెట్టాక ఇలాగే వరుసగా గడ్డలు వచ్చాయి. చీము పరీక్షలో చాలా యాంటీబయాటిక్‌లకు లొంగని స్టెఫైలోకాకస్ రకం, అంటే ఎంఆర్‌ఎస్‌ఏ అని తేలింది. డాక్టరు ముక్కులో ముపిరోసిన్ అనే యాంటీబయాటిక్ మలాము రాయమని, వారానికి రెండుసార్లు స్నానపు తొట్టె నిండా నీళ్ళు పట్టి అందులో బట్టల బ్లీచ్ పావు నుంచి అర కప్పు కలిపి కూర్చోబెట్టమని చెప్పారు. బ్లీచ్ అనగానే మా అత్తగారు హడలిపోయారు గానీ, ఆ పలుచని నీళ్ళు ఈతకొలను నీళ్ళలాగే వాసన వేస్తాయి. బాబుకు తగ్గింది. మీరూ ప్రయత్నించవచ్చేమో డాక్టరుగారిని అడగండి.

చర్మవైద్యం (కాకినాడ)

అమెరికాలో అది ఆమోదం పొందిన పద్ధతే. కానీ ఆ కొలత దాదాపు 150 లీటర్ల తొట్టెకు, అక్కడి బ్లీచ్ గాఢతకు కట్టిన లెక్క. మన ఇళ్ళలో ఉండేది బకెట్టు. ఇక్కడ దొరికే ద్రావణాల గాఢత ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, కొన్నింటిలో డిటర్జెంటు, సుగంధాలు కలుస్తాయి. పంచాయతీవాళ్ళు బావిలో వేసే బ్లీచింగ్ పౌడరులో క్లోరిన్ ముప్పై శాతం పైగా ఉంటుంది. దాన్ని చెంచాలతో బకెట్లో కలుపుకున్నవారి ఒళ్ళు కాలి వచ్చిన సందర్భాలు చూశాను. దయచేసి బ్లీచ్ జోలికి పోవద్దు.

దానికి బదులు 4 శాతం క్లోర్‌హెక్సిడిన్ ద్రావణం ఉంది. శస్త్రచికిత్సకు ముందు డాక్టర్లు చేతులు కడుక్కునేది అదే. ముందు మామూలు సబ్బుతో స్నానం చేసి, సబ్బు పూర్తిగా పోయేలా కడిగేయండి. సబ్బు మిగిలి ఉంటే క్లోర్‌హెక్సిడిన్ బలం తగ్గుతుంది. తర్వాత మెడ నుంచి పాదాల దాకా, ముఖ్యంగా చంకలు, గజ్జలు, పిరుదుల మధ్య పూసి, ఒకటి రెండు నిమిషాలు ఆగి కడగండి. కళ్ళలో, చెవుల్లో పడకూడదు. ఒళ్ళు దద్దుర్లెక్కినా, ఊపిరాడనట్టు అనిపించినా వెంటనే ఆపి వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. ముక్కులోకి ముపిరోసిన్ 2 శాతం మలామును అగ్గిపుల్ల తలంత తీసుకుని, రోజుకు రెండుసార్లు రంధ్రాల ముందు భాగంలో రాసి, ముక్కును కాసేపు మెల్లగా నొక్కాలి. అమెరికా అంటువ్యాధుల వైద్య సంఘం 2014 మార్గదర్శకాలు చెప్పేది ఈ రెంటినీ ఐదు రోజులు చేయమని, ఆ ఐదు రోజులూ ప్రతిరోజూ తువ్వాలు, దుప్పటి, దిండు గలీబు, లోదుస్తులు ఉతికి మార్చమని. ముపిరోసిన్‌ను మాత్రం డాక్టరు చీటీతోనే తీసుకోండి. గడ్డ కనబడినప్పుడల్లా రాసుకుంటే క్రిమి దానికి అలవాటుపడుతుంది.

ఈ పని ఇంట్లో ఒక్కరే చేస్తే సరిపోదు. 2012లో సెయింట్ లూయిస్‌లో పిల్లల మీద చేసిన అధ్యయనంలో, రోగి ఒక్కడికే చేసిన ఇళ్ళకంటే ఇంటిల్లిపాదికీ చేసిన ఇళ్ళలో గడ్డలు తిరగబెట్టడం తగ్గింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, అలా చేసిన ఇళ్ళలోనూ ఏడాదిలోపు సుమారు సగం మందికి మళ్ళీ వచ్చాయి. ఇది మంత్రం కాదు, కానీ ఇంతకంటే మెరుగైనది చేతిలో లేదు.

నూజివీడు రసాలు (నూజివీడు)

మాకు మామిడితోట ఉంది కాబట్టి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. ఏప్రిల్, మే నెలల్లో చెమట, ఒరిపిడి, చెమటకాయలు, గోకుడు ఎక్కువ, గడ్డలూ ఎక్కువ. అవే నెలల్లో మామిడి కూడా వస్తుంది కాబట్టి నింద పండు మీద పడుతోంది. నవంబరులో జామకాయలు తిన్నవాడికి గడ్డ లేస్తే జామను ఎవరూ అనరు. అయితే మామిడి చర్మానికి హాని చేయదని మాత్రం అనను. తొడిమ తుంచిన క్షణంలో చిమ్మే సొన చర్మం మీద పడితే కాలినట్టు నల్లమచ్చ పడుతుంది. కోత కోసే కూలీల ముంజేతుల మీద, మెడ మీద ఆ మచ్చలు సీజను పొడుగునా కనిపిస్తాయి. అందుకే మేము తొడిమ తీసిన కాయలను బోర్లించి, సొన కారిపోయాకే కడిగి గంపల్లోకి ఎత్తుతాం. ఇంట్లో పండును నానబెట్టి, తొడిమ దగ్గర కోసి, ఆ భాగం పెదవులకు తగలకుండా తింటే ఆ బాధా ఉండదు.

చర్మవైద్యం (కాకినాడ)

నేను చెప్పవలసింది మీరే చెప్పారు. పండు తినడం వల్ల సెగగడ్డ రాదు. మొటిమల విషయంలో మాత్రం కొంచెం ఆలోచించాలి: 2007లో ఆస్ట్రేలియాలో యువకుల మీద పన్నెండు వారాలు చేసిన ఒక అధ్యయనంలో, రక్తంలో చక్కెరను వేగంగా పెంచే ఆహారం తగ్గించినవారికి మొటిమలు ఎక్కువగా తగ్గాయి. కాబట్టి రోజుకు అరడజను రసాలు పీల్చేసే మొటిమల వీరులు ఒకటి రెంటితో సరిపెట్టుకుంటే తప్పులేదు.

కొబ్బరితోట (రాజోలు)

పండును నానబెట్టమన్నది మా అత్తగారి మాట, దానికి కారణం సొన అని ఇప్పుడు తెలిసింది. అయినా వేడి అన్న మాటను మీరంతా ఇట్టే కొట్టిపారేయడం నాకు నచ్చలేదు. మజ్జిగ తాగి, ఎండన పడకుండా, నూలుబట్టలు కట్టుకున్నవాళ్ళకు గడ్డలు తక్కువ రావడం నా కళ్ళారా చూశాను.

మందులకొట్టు (నల్గొండ)

అమ్మా, ఎండన పడకపోవడం, నూలుబట్టలు కట్టుకోవడం అన్నవి చెమటను, ఒరిపిడిని తగ్గిస్తాయి. ఆ రెండూ తగ్గితే గడ్డలూ తగ్గుతాయి. మీరు చూసింది నిజమే, మజ్జిగకు మాత్రం అంత ఘనత ఇవ్వలేం.

కండబలం (గచ్చిబౌలి)

నాది వేరే బాధ, అయినా దగ్గర సంబంధం ఉంది కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. జిమ్‌కు వెళ్ళడం మొదలుపెట్టాక ఛాతీ మీద, వీపు పైభాగంలో చిన్న చిన్న పొక్కులు వచ్చాయి. మొటిమలని డాక్సీసైక్లిన్ వాడాను. తగ్గకపోగా భుజాల కిందికి కూడా పాకాయి. చెమట పట్టగానే సూదులతో గుచ్చినట్టు దురద. వే ప్రోటీన్ (పాలవిరుగుడు నుంచి తీసిన పొడి) కూడా తీసుకుంటున్నాను, అది కారణమా?

చర్మవైద్యం (కాకినాడ)

వే ప్రోటీన్ తీసుకునే కొందరిలో మొటిమలు పెరిగినట్టు వైద్యులు రాశారు. కొన్ని వారాలు ఆపి చూస్తే మీకే తెలుస్తుంది. కానీ మీరు చెప్పిన దురద, ఒకే తీరు పొక్కులు, యాంటీబయాటిక్‌తో పెరగడం అన్నవి పైన చెప్పిన శిలీంధ్రపు ఫాలిక్యులైటిస్ వైపు చూపుతున్నాయి. తల చుండ్రుకు వాడే 2 శాతం కీటోకోనజోల్ షాంపూను స్నానంలో ఛాతీకి, వీపుకు పూసి, ఐదు నిమిషాలు ఉంచి కడిగి చూడండి. రెండు మూడు వారాల్లో స్పష్టమైన మార్పు రాకపోతే చర్మవైద్యుడికి చూపించండి. తడిసిన సింథటిక్ టీషర్టుతోనే కేఫ్‌లో కూర్చోకండి, వ్యాయామం కాగానే స్నానం చేయండి. కండలు త్వరగా రావడానికి ఎవరైనా ఇంజెక్షన్లు ఇస్తున్నారా అన్నది మీరే ఆలోచించుకోండి. అనబాలిక్ స్టెరాయిడ్ల వల్ల వచ్చే మొటిమలు లోతైన గుంతలు మిగులుస్తాయి, వాటికి ఏ షాంపూ పనికిరాదు.

పాలమూరు పిల్ల (మహబూబ్‌నగర్)

మేడం, నాకు గడ్డలు చంకల్లో, రొమ్ముల కింద, గజ్జల్లో మాత్రమే వస్తాయి. డిగ్రీలో ఉన్నప్పటి నుంచి ఇదే బాధ. పగిలినచోట మానకుండా పక్కకు రంధ్రాలు పడుతున్నాయి, బట్టలకు వాసన అంటుతుంది. శుభ్రంగా ఉండమని అందరూ చెబుతారు. నేను రోజుకు రెండుసార్లు స్నానం చేస్తాను. ఈ క్లోర్‌హెక్సిడిన్ నాకు పనిచేస్తుందా?

చర్మవైద్యం (కాకినాడ)

అమ్మాయీ, మీ శుభ్రతలో లోపం ఏమీ లేదు, ఆ మాట అన్నవాళ్ళను పట్టించుకోకండి. మీరు చెప్పిన చోట్లు, రెండు వైపులా రావడం, చర్మం కింద దారులు పడటం అన్నవి హైడ్రాడెనైటిస్ సప్పురేటివా అనే జబ్బు లక్షణాలు. ఇది మామూలు సెగగడ్డ కాదు, అంటువ్యాధి కాదు; వెంట్రుక కుదుళ్ళు మూసుకుని, లోపల చిట్లి, దీర్ఘకాలం వాచే జబ్బు. సరైన పేరు పెట్టేసరికి చాలామందికి ఏళ్ళు గడిచిపోతాయి. క్లోర్‌హెక్సిడిన్ కొంత ఊరటనిస్తుంది గానీ మాన్పదు. ఇంట్లో చేయగలిగినవి వదులైన నూలుబట్టలు వేసుకోవడం, చంకల్లో రేజరు వాడకపోవడం, బరువు ఎక్కువుంటే తగ్గించుకోవడం, పొగతాగేవారైతే మానడం. మిగిలినది చర్మవైద్యుడి చేతిలో ఉంది. నెలల తరబడి మందులు, అవసరమైతే వాపును అణచే జీవసంబంధ ఇంజెక్షన్లు (బయోలాజిక్స్), ఆ దారులను విప్పే శస్త్రచికిత్స వరకు మార్గాలు ఉన్నాయి. ఇంకా రంధ్రాలు పెరగకముందే వెళ్ళండి. మొహమాటపడి కోతలు పెట్టించుకుంటూ కాలం గడపవద్దు.

గాజుపలక (విశాఖపట్నం)

ప్రయోగశాలలో పని చేసి రిటైరైనవాడిని. ఒక్క విషయం కలుపుతాను. గడ్డను కోసి చీము తీసిన ప్రతిసారీ ఆ చీమును కల్చర్ పరీక్షకు (అందులోని క్రిమిని పలక మీద పెంచి చూసే పరీక్షకు) పంపమని అడగండి. 1880లో స్కాట్లాండ్ శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ రోగుల గడ్డల్లోని చీమును సూక్ష్మదర్శినిలో పెట్టి ఈ క్రిములను చూశాడు. అప్పటి నుంచి చీములో ఏముందో చూడటం కష్టమేమీ కాదు, చూడాలన్న ఓపికే కావాలి. ఫలితం రెండు మూడు రోజుల్లో వస్తుంది. ఏ మందుకు లొంగుతుందో అందులోనే ఉంటుంది. ఊహించి రాసిన అజిత్రోమైసిన్ మూడు రోజులు మింగి వచ్చినవారి చీములో అదే మందుకు లొంగని క్రిమి పెరగడం నాకు మామూలు దృశ్యం. అప్పటికే యాంటీబయాటిక్ మింగి ఉంటే పలక మీద ఏమీ పెరగకపోవచ్చు కాబట్టి, మాత్రలు మొదలుపెట్టకముందే నమూనా ఇవ్వాలి.

కృష్ణాతీరం (విజయవాడ)

షుగరు పరీక్ష చేయించుకున్నాను, పరగడుపున మామూలుగానే ఉంది. మరి నాన్నగారికి కూడా ఈ ఐదు రోజుల పద్ధతి చేయించాలా? ఆయనకు గడ్డలు లేవు గానీ మెడ వెనక ఒక గట్టి వాపు ఉంది, పెద్దగా నొప్పి లేదని పట్టించుకోవడం లేదు.

చర్మవైద్యం (కాకినాడ)

పరగడుపున 126 లోపే ఉన్నా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెరను చూపే పరీక్ష) కూడా ఒకసారి చూపించుకోండి, అది 6.5 శాతం, ఆపైన ఉంటే మధుమేహం కింద లెక్క. ఇంట్లో అందరూ ఒకేసారి చేయండి, నాన్నగారితో సహా. కానీ ఆయన మెడ వెనకటి వాపు వేరే సంగతి. షుగరు ఉన్నవారికి మెడ వెనక, వీపు పైన పలు కుదుళ్ళు కలిసి పెద్ద గడ్డ కట్టి, జల్లెడలా పలు మూతులతో తెరుచుకుంటుంది. పెద్దలు రాచపుండు అని భయపడింది దానికే. షుగరు వల్ల నరాలు మొద్దుబారిన వారికి నొప్పి తెలియకపోవచ్చు కాబట్టి నొప్పి లేదన్న మాటను ధైర్యంగా తీసుకోకండి. కాపడాలు పెట్టకుండా, ఈ వారంలోనే సర్జనుకు చూపించండి. జ్వరం వచ్చినా, చుట్టూ ఎరుపు పాకుతున్నా వారం కూడా ఆగవద్దు.

హాస్టలు వార్డెను (హైదరాబాద్)

ఇంటర్ కోచింగ్ హాస్టలు నడిపేవాళ్ళం. ఒక గదిలో ఎనిమిది మంది పిల్లలు, ఒకరి తువ్వాలు ఒకరు, ఒకరి రేజరు ఒకరు వాడుతుంటారు. ఇక్కడ చదివినవన్నీ కాగితం మీద రాసి నోటీసు బోర్డు మీద పెట్టాను. తువ్వాళ్ళ కొక్కేలకు పేర్లు అంటించాం, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికించి మేడ మీద ఎండలో ఆరేయిస్తున్నాం. ఒక పిల్లవాడి సంగతి మాత్రం అడగాలి. ముక్కు పక్కన, పై పెదవి మీద చిన్న గడ్డ లేస్తే అద్దం ముందు నిలబడి గిల్లుకున్నాడట. పొద్దున లేచేసరికి పెదవి, బుగ్గ వాచాయి, కన్ను కొంచెం మూసుకుంటోంది, ఒళ్ళు వెచ్చగా ఉంది. వాళ్ళ నాన్నగారు ఆదివారం వచ్చి తీసుకువెళ్తామంటున్నారు. అప్పటివరకు కాపడం పెట్టి, పారాసిటమాల్ ఇస్తే సరిపోతుందా?

చర్మవైద్యం (కాకినాడ)

ఆదివారం వరకు ఆగకండి, ఈ గంటలోనే దగ్గరలోని పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్ళండి. ముక్కు మొదలు నుంచి నోటి రెండు మూలల వరకు ఉండే భాగం నుంచి రక్తనాళాలు కంటి వెనక మీదుగా మెదడు దగ్గరి సిరల దాకా వెళ్తాయి. అక్కడి గడ్డను గిల్లితే చీము ఆ దారిన పాకవచ్చు. అలా కావడం అరుదే, కానీ కన్ను వాచి జ్వరం వచ్చిన పిల్లవాడి విషయంలో ఆ అరుదైనదాన్నే ముందు అనుమానించాలి. కాపడం పెట్టవద్దు, మళ్ళీ ముట్టుకోనివ్వవద్దు. ఎప్పుడు గిల్లాడో, ఏ మాత్రలు వేసుకున్నాడో ఒక కాగితం మీద రాసి వెంట తీసుకువెళ్ళండి. వాళ్ళ నాన్నగారికి ఆసుపత్రికి వెళ్ళే దారిలో ఫోను చేయండి.